క్రిస్మస్ పాక చుట్టూ తిప్పడానికి ఏ మోడల్ రైలు సెట్ కొనాలె?

ప్రశ్న ఇది: "మాది నల్గొండ. ఈ క్రిస్మస్‌కి ఇంట్ల పశువుల పాక కట్టి, దాని చుట్టూ పిల్లల కోసం మోడల్ రైలు తిప్పుదామని ఉంది. మన నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ లెక్క పొడుగ్గా, ఎల్‌హెచ్‌బీ పెట్టెలతో కావాలె. ఏ సెట్ మంచిది?"

ఏ సెట్ అన్నది తర్వాత. ముందు టేపు పట్టుకుని పాక పెట్టే జాగ కొలిచిన్రా? డిసెంబర్ వచ్చిందంటే మోడల్ రైళ్లోళ్ల ముచ్చట్లు ఎప్పుడూ ఒక్కతీరుగనే మొదలైతయి. ఏ ఇంజిన్, ఏ రంగు, ఎంత పడ్డది. వంపు సంగతి మాత్రం 24వ తారీఖు రాత్రి, రైలు పట్టాలు తప్పినంక యాదికొస్తది.

ఎల్‌హెచ్‌బీ అంటే ఇప్పుడొస్తున్న కొత్త తీరు స్టీల్ పెట్టె, దాని అసలు పొడవు 23.54 మీటర్లు. హెచ్‌ఓ సైజుల, అంటే 87వ వంతు చేస్తే, 270 మిల్లీమీటర్లు. పాత ఐసీఎఫ్ పెట్టె 245. పెట్టె పొడవుకు కనీసం రెండున్నర రెట్లు వంపు వ్యాసార్థం ఉంటెనే నమ్మకంగ తిరుగుతది. అంటే ఎల్‌హెచ్‌బీకి 675 మి.మీ. కావాలె. సెట్ డబ్బాల వచ్చే వంపు 438 మి.మీ. అయితది, లేకపోతే 18 అంగుళాలు, అంటే 457. కావాల్సిన దాంట్ల మూడింట రెండు వంతులు, గంతే. పోనీ 675 తోనే వేద్దామంటే గుండ్రం అడ్డం 1350 మి.మీ. వస్తది. 8×4 ప్లై షీటు వెడల్పు 1220. షీటు మీదనే పట్టది.

457 వంపుల ఎల్‌హెచ్‌బీ పెట్టె కొస నడిమి భాగం, పట్టా మధ్య గీత నుంచి 12 మి.మీ. బయటికి తన్నుకొస్తది. నడుము 8 మి.మీ. లోపలికి పోతది. రెండు పెట్టెల మధ్య కోణం పెద్దదైతది కాబట్టి, వాటిని కలిపే కప్లింగ్ పక్కకు గుంజి, తేలికగున్న పెట్టెను లేపి పడేస్తది. ఇంజిన్ మంచిది కాదని తిట్టుకుంటరు. పాపం ఇంజిన్ ఏం చేస్తది?

20 పెట్టెల రైలు కావాలన్న కోరిక ఇంకో తీరు. కప్లింగ్‌తో కలిపి ఒక్కో పెట్టె 276 మి.మీ., 20 అంటే ఐదున్నర మీటర్లు, 18 అడుగులు. 438 వంపు గుండ్రం చుట్టుకొలతే 2.75 మీటర్లు. రైలు తన తోక తానే రెండు సార్లు తొక్కాలె.

కాబట్టి పాక చుట్టూ తిప్పేదానికి నా మాట: నాలుగు చక్రాల చిన్న షంటింగ్ ఇంజిన్, నాలుగు చక్రాల గూడ్స్ డబ్బాలు మూడు. 438 వంపు ముక్కలు 8 తెచ్చుకోండి, ఒక్కోటి 45 డిగ్రీలది. గుండ్రం బయటి అంచు 91 సెం.మీ. వస్తది. 8×4 షీటును సగానికి కోయిస్తే 4×4 ముక్క, దాని మీద నాలుగు దిక్కులా 15 సెం.మీ. మిగులుతది. లోపల డబ్బాలకు తగలకుండ ఖాళీగ ఉండేది 80 సెం.మీ. గుండ్రం. అందుల కూర్చునే చదరం పాక 55 సెం.మీ. దాటొద్దు. పాక ముందు కట్టి తర్వాత పట్టా వేస్తే ఎప్పుడూ రెండంగుళాలు తక్కువే పడ్తది. పట్టా వేసి, రైలు తిప్పి, అప్పుడు పాక కట్టండి.

నేల మీద వేయకండి. మన ఇండ్లల్ల తాండూరు బండలు ఎక్కువ, బండకు బండకు మధ్య సందు దగ్గర ఒక మిల్లీమీటరు ఎత్తుపల్లం ఉన్నా చాలు. 12 మి.మీ. ప్లై కింద రెండంగుళాల పట్టెలు కొట్టించండి. ప్లై వంగది, వైర్లు కిందికెళ్లి పోతయి, మీద ఎవరూ తొక్కరు.

ఇగ అసలు గండం పత్తి. దీని గురించి ఎవరూ రాయరు.

పాక అంటే పైన తెల్ల పత్తి మంచు, లోపల వరిగడ్డి, చుట్టూ మెరుపు తోరణం ఉండాలె కదా. పత్తి పండే జిల్లాలు మనవి, ఇంట్ల దానికి కొదవ లేదు. 23వ తారీఖు రాత్రి ఏం జరుగుతదో చూడండి. రైలు పది చుట్లు మంచిగ తిరుగుతది. పదకొండో చుట్టుకు నెమ్మదైతది. పిల్లలు స్పీడ్ పెంచుతరు, మళ్లీ లేస్తది. ఇంకో ఐదు చుట్లకు కీచుమంటది, కాలిన వాసన వస్తది, ఆగిపోతది. ఇంజిన్ తిరగేసి చూస్తే ఇరుసు చుట్టూ దారపు ఉండ లెక్క పత్తి పోగులు చుట్టుకుని ఉంటయి. ఇరుసు నుంచి అవి గేర్లలకు పోతయి. గేరు తిరగకపోతే మోటార్ ఎక్కువ కరెంట్ గుంజుతది, వేడెక్కుతది. చిన్న మోటార్‌కు నిమిషం చాలు.

అప్పుడు చేయాల్సింది: కరెంట్ తీసేయండి. చక్రాన్ని వేలితో బలంగ తిప్పకండి, గేరు పళ్లు విరుగుతయి. కింది కవర్ స్క్రూలు విప్పి, చక్రాల జతను పైకి తీసి, మొన సన్నగున్న పట్టకారుతో పోగులు లాగండి. ఎక్కువ చుట్టుకుంటే బ్లేడు కొసతో ఇరుసు పొడవునా గీసి విప్పండి, అడ్డంగ కోయొద్దు. మళ్లీ పెట్టేటప్పుడు ఇరుసు చివర సూది మొనకు అంటినంత నూనె, గంతే. కొబ్బరి నూనె అస్సలు వద్దు, డిసెంబర్ పొద్దుగాల సీసాల గడ్డకట్టినట్టే గేరుల సుత గడ్డకడ్తది. ప్లాస్టిక్‌ను తినని సన్న నూనె అని అడిగి కొనండి.

పత్తి పట్టాకు జానెడు దూరంల ఉండాలె. దగ్గర తెల్లగ కనపడాలంటే చార్ట్ పేపర్ చింపి అంటించండి. థర్మకోల్ గింజలు వద్దు, చక్రాలకు అతుక్కుంటయి. ఉప్పు చల్లితే పట్టాలు పాడైతయి, రవ్వ చల్లితే చీమలొస్తయి. తోరణంల లోహపు పోగు ఉంటే అది రెండు పట్టాల మీద అడ్డంగ పడ్డప్పుడు షార్ట్. అసలు మంచే ఎందుకో? మన ఊళ్లల్ల క్రిస్మస్ అంటే గుండ్ల గుట్టలు, తాటిచెట్లు, కోసిన వరి కొయ్యకాళ్లు. థర్మకోల్ ముక్కలు చెక్కి, తడి టిష్యూ పేపర్ ఫెవికాల్‌తో అంటించి, బూడిద రంగు మీద జర ఎర్రమట్టి రంగు పొడి పొడిగ రుద్దితే మన నల్గొండ లతీఫ్ సాబ్ గుట్ట వచ్చి పాక పక్కన కూర్చుంటది. పత్తి కంటే వంద రెట్లు నయం.

పట్టా పక్కన కంకర పోద్దామనుకుంటే, అసలు రైల్వే కంకర 20 నుంచి 65 మి.మీ. మధ్యల ఉంటది. 87వ వంతుల అది 0.23 నుంచి 0.75. ఉప్మా రవ్వంత అన్నట్టు. క్రషర్ డస్ట్ తెచ్చి టీ జాలీల జల్లెడ పట్టి, పిండి జల్లెడతో దుమ్ము తీసేయండి. తర్వాత ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌ల చుట్టి అందుల తిప్పండి. ఇనుప రజను ఉంటే మోటార్ అయస్కాంతం దాన్ని లోపలికి గుంజుకుంటది. ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు కడిగే లిక్విడ్. ఆ లిక్విడ్ లేకుంటే జిగురు కంకర మీద ముత్యంలా నిలబడ్తది, లోపలికి దిగది. సిరంజితో వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. మన బోరు నీళ్లు వాడితే ఆరినంక తెల్ల చారలు పడ్తయి, ఫిల్టర్ నీళ్లు వాడండి. ఈ సంవత్సరం తాత్కాలికంగ పెడ్తున్నరంటే ఈ పని మొత్తం మానేయండి, జిగురు పట్టిన పట్టా మళ్లీ ఊడతీయడం నరకం.

కరెంట్. కంట్రోలర్ సెట్‌ల వస్తే అదే వాడండి. పట్టాలు ఇంజిన్ విడిగ కొంటే 12 వోల్టుల 1 ఆంప్ డీసీ అడాప్టర్, చిన్న మోటార్ స్పీడ్ కంట్రోలర్ బోర్డు, ముందుకు వెనక్కు తిప్పే ఆరు కాళ్ల స్విచ్ చాలు. అడాప్టర్‌కు బోర్డుకు మధ్యన ఒక వైరుల బైక్ ఇండికేటర్ బల్బు పెట్టండి, 12 వోల్ట్ 10 వాట్‌ది, ఏ ఆటోమొబైల్ షాపులనైనా దొరుకుతది. 10ని 12తో భాగిస్తే 0.83 ఆంప్. పట్టాల మీద ఏం పడి షార్ట్ అయినా అంతకు మించి పోదు, అడాప్టర్ బతుకుతది. రైలు మంచిగ తిరిగేటప్పుడు బల్బు దాదాపు వెలగది. షార్ట్ అయితే భగ్గుమంటది. పిల్లలకు దీనికంటే మంచి సిగ్నల్ లేదు.

పట్టాకు వైర్లు ఒక్క చోట కాదు, ఎదురెదురుగ రెండు చోట్ల ఇవ్వండి. పట్టా ముక్కలను కలిపే క్లిప్పులు, అంటే జాయినర్లు, ఒక్కో దాని దగ్గర వోల్టేజ్ కొంత పోతది కాబట్టి ఒక్క చోటే ఇస్తే ఆ దిక్కు ఉరికి, అవతలి దిక్కు నత్తలెక్క నడుస్తది. రెండు చోట్లా లోపలి పట్టాకు ఎర్ర వైరు, బయటి పట్టాకు నల్లది. ఒక్క చోట మారిందా, బల్బే చెప్తది.

సెట్ ధరల మీద ఏడుపు అందరిదీ. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020ల 20 నుంచి 60 శాతం చేసిన్రు, 2023ల 70. ఈ మోడళ్లు సుత ఆ లెక్కలనే వస్తయి. గందుకే డబ్బులు ఇంజిన్ రంగు మీద కాదు, పట్టాల మీద పెట్టుమంటున్న. నికెల్ సిల్వర్ పట్టాలు అడగండి. స్టీల్‌వి తుప్పు పడ్తయి, తుడిచి తుడిచి చేతులు పోతయి. తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులూడని గుడ్డ. గరుకు కాగితంతో రుద్దితే ఆ గీతలలనే మళ్లీ మురికి కూర్చుంటది. ఇంజిన్ చక్రాలకు చిట్కా ఒకటి: ఆల్కహాల్‌ల తడిపిన గుడ్డను పట్టా మీద అడ్డంగ పరిచి, ఇంజిన్‌ను సగం గుడ్డ మీద, సగం పట్టా మీద పట్టుకుని కరెంట్ ఇవ్వండి. గుడ్డ మీది చక్రాలు తిరిగి నల్లగ గీతలు దించుతయి. పది సెకన్లు, తర్వాత అటుది ఇటు తిప్పి ఇంకో పది.

రైలు పడుతుంటే ప్రతిసారీ పడ్డ చోట సుద్దముక్కతో గీత పెట్టండి. గీతలన్నీ ఒక్క దగ్గరనే ఉంటే తప్పు పట్టాది. గోరుతో జాయింట్ లోపలి అంచు రుద్ది చూడండి, తట్టుకుంటే పట్టా జాయినర్‌లకు దూరకుండ దాని మీద ఎక్కి కూర్చున్నట్టు. గీతలు అక్కడొకటి ఇక్కడొకటి ఉండి, పడేది మాత్రం ఒక్కటే డబ్బా అయితే తప్పు డబ్బాది. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కాలిపర్‌తో కొలవండి, 14.4 నుంచి 14.5 మి.మీ. రావాలె. తక్కువుంటే ఇరుసు మీద చక్రాన్ని మెలితిప్పుతూ జరపండి, సుత్తి పట్టకండి.

అది సుత సరిగ్గుంటే బరువు చూడండి. అమెరికా మోడలర్ల సంఘం లెక్క ప్రకారం హెచ్‌ఓ బండికి ముందు 28 గ్రాములు, ఆ మీద ప్రతి అంగుళం పొడవుకు 14. ఐదంగుళాల గూడ్స్ డబ్బాకు దాదాపు 98 గ్రాములు, ఐసీఎఫ్ పెట్టెకు 165. వంటింటి కాటా మీద పెట్టి చూస్తే మస్తు పెట్టెలు 40, 50 గ్రాములు తక్కువుంటయి. 10 రూపాయల బిళ్ల 7.71 గ్రాములు, అడ్డం 27 మి.మీ., పెట్టె లోపల మంచిగ పడ్తది. రెండు చక్రాల జతల మీద మూడు మూడు, డబుల్ టేపుతో కింద అడుగుకే అంటించండి. పైకప్పుకు అంటిస్తే వంపుల బోర్లా పడ్తది.

ఇంకా ఎల్‌హెచ్‌బీనే కావాలంటే పాక నుంచి విడదీసి గోడ పొడవునా వేయండి. గుండ్రం కాదు, ఒక స్టేషన్, రెండు లైన్లు. సింగిల్ లైన్ మీద ఒక బండి లూప్‌ల ఆగుతది, ఇంకోటి దాటుతది. బీబీనగర్ నుంచి నడికుడి దాకా మన నల్గొండ లైన్ పెరిగిందే ఆ క్రాసింగ్‌ల మీద. 12 అడుగుల గోడకు నాలుగు పెట్టెలు, ఒక ఇంజిన్ సుఖంగ ఆడ్తయి, వంపే లేకపాయె. ప్లాట్‌ఫామ్ అంచు పట్టా మధ్య గీత నుంచి 21 మి.మీ. పెట్టండి. పట్టా 16.5 మి.మీ. ఏంది, మన బ్రాడ్‌గేజ్ 1676కు 19.3 రావాలె కదా అని ఎవరో ఒకరు తప్పకుండ అడుగుతరు. నిజమే, రావాలె. 16.5 వేరే దేశాల 1435 గేజ్‌ది. ఆ మూడు మిల్లీమీటర్ల కోసం చక్రాలన్నీ మార్చే ఓపిక ఉన్నోళ్లు మార్చుకోవచ్చు.

ఆర్డర్ పెట్టేదుంటే డిసెంబర్ 10 లోపల పెట్టండి. వచ్చినంక పాక, పత్తి, లైట్లు ఏమీ లేకుండ ఉత్త ప్లై మీద గంట సేపు అటు అద్దగంట, ఇటు అద్దగంట తిప్పండి. సీరియల్ లైట్ల వైరు, రైలు వైరు ఒక్క బోర్డుల కలిపి చుట్టకండి, ఒకటి 230 వోల్టులు, ఇంకోటి 12. పాకల కొవ్వొత్తి వెలిగించే అలవాటుంటే పట్టాకు దూరంగ పెట్టండి. వరిగడ్డి, పత్తి పక్కపక్కనే ఉన్నయి.

న్యూ ఇయర్ అయినంక అన్నీ తుడిచి, ఇంజిన్‌ను దాని డబ్బాలనే పెట్టి బీరువా కింది అరల దాయండి. సజ్జ మీద పెట్టకండి. మన దగ్గర మే నెల ఎండకు స్లాబు కింద ప్లాస్టిక్ పెట్టెలు వంకర పోతయి, వచ్చే డిసెంబర్‌ల మళ్లీ ఏ సెట్ కొనాలె అని అడుగుతరు.