గంజాయి కేసులో బెయిల్ ఎందుకంత కష్టం?

ప్రశ్న: మా తమ్ముడు స్నేహితుడి కారులో వెళ్తుంటే పోలీసులు ఆపి, డిక్కీలో 22 కిలోల గంజాయి దొరికిందని ఇద్దర్నీ అరెస్టు చేశారు. అందులో ఏముందో తనకు తెలియదంటున్నాడు వాడు. 5 నెలలు దాటింది, చార్జిషీటు ఇంకా వేయలేదు, బెయిల్ పిటిషన్ ఒకసారి కొట్టేశారు. హత్య కేసుల్లోనే బెయిల్ ఇస్తున్నారు కదా, దీనికెందుకు ఇవ్వరు?
- ఒక అక్క

జవాబు: మీ తమ్ముణ్ణి ఇరికించింది ఆ చివరి 2 కిలోలేనమ్మా. 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టంలో, అంటే మాదకద్రవ్యాల చట్టంలో, అంతా బరువు మీదే నడుస్తుంది. గంజాయి కిలో వరకు అయితే చిన్న పరిమాణం, శిక్ష మహా అయితే ఏడాది. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, నేరం రుజువైతే 10 ఏళ్ళకు తక్కువ కాదు. మధ్యలో ఉంటే బెయిల్‌కి దాదాపు మామూలు కేసుల పద్ధతే.

20 దాటిందంటే సెక్షన్ 37 అడ్డొస్తుంది. బెయిల్ వద్దని చెప్పే అవకాశం పీపీకి (ప్రభుత్వ లాయరుకి) ఇవ్వాలి, ఆయన వద్దంటే, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బయటికొచ్చి మళ్ళీ నేరం చేయడనీ జడ్జికి నమ్మకం కుదరాలి, ఈ రెండూ ఉండాలి. సాక్షుల విచారణే మొదలుకాకముందు నేరం చేయలేదని నమ్మించమంటే ఎలా అని మీకు కోపం రావచ్చు, నాకూ అది న్యాయంగా అనిపించదు, కానీ చట్టం అలాగే ఉంది. హత్య కేసుల్లో ఈ షరతు లేదు.

కాబట్టి ముందు పంచనామా (సరుకు పట్టుకున్నప్పుడు పోలీసులు రాసిన కాగితం) కాపీ తీసి చదివించండి. గోనెసంచితో కలిపి తూచారా? చట్టం గంజాయి అని పిలిచేది పూత, కాయ ఉన్న కొనలనే, అవి లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. 22 కాస్తా 20కి దిగితే కేసు స్వరూపమే మారిపోతుంది. ఇక "నాకు తెలియదు" అన్న మాట ఒక్కటే కోర్టులో నిలవదు, ఫోన్ కాల్స్, డబ్బు లావాదేవీలు ఏమీ లేవని చూపగలిగితే బలం. స్నేహితుడు పోలీసుల ముందు "వాడికీ తెలుసు" అని ఒప్పుకున్నా అది సాక్ష్యంగా చెల్లదు.

విచారణ ఏళ్ళ తరబడి సాగితే, సెక్షన్ 37 ఉన్నా బెయిల్ ఇవ్వొచ్చని 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆయన అప్పటికే 7 ఏళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు, 5 నెలలకు ఆ తీర్పు పట్టుకెళ్తే పెద్దగా పని జరగదు.

మీకు ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యం 180 రోజుల లెక్క. మొదటి రిమాండు తేదీ నుంచి లెక్కపెట్టండి. ఈలోగా చార్జిషీటు రాకపోతే, పీపీ రిపోర్టు మీద కోర్టు గడువు పెంచకపోతే (ఏడాది దాకా పెంచొచ్చు), కేసు బలాబలాలతో పనిలేకుండా బెయిల్ అతని హక్కు. కానీ అడిగితేనే ఇస్తారు. గడువు దాటిన రోజు పొద్దున్నే పిటిషన్ పడాలని లాయరుగారికి ఇప్పుడే చెప్పి పెట్టండి, మీకంటే ముందు చార్జిషీటు పడిందో, ఆ హక్కు పోయినట్టే.