రెండో గొంతు ఎవరిదో రాయి తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం మొన్న రాత్రి చదివా, నిన్న పొద్దున్నే ఇంకోసారి చదివా. 1960ల మొదట్లో అమెరికాని ఊపేసిన ట్విస్ట్ డాన్స్ మీద, ఆ కాలం డ్యూయెట్ ఎల్పీల మీద, అంటే ఇద్దరు కలిసి పాడిన పాటల పెద్ద రికార్డుల మీద, తెలుగులో రాయాలని ఒక కుర్రాడికి అనిపించడమే నాకు చాలా సంతోషం. వాక్యం నీ చేతికి బాగానే లొంగుతోంది. కానీ మొదటి పేరాలోనే అవి అమాయకమైన రోజులు, పాటలూ అంతే అమాయకం అని రాశావ్ చూడు, నేను అక్కడే ఆగిపోయా. ఎవరి రోజులు? ఎవరికి అమాయకం?

ఒక పని చెయ్యి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని స్లో ట్విస్టిన్ విను. 1962 పాట, అమెరికాలో పాటలకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ లిస్టులో 3వ స్థానం దాకా వెళ్లింది. నువ్వు దాన్ని గాయకుడు చబ్బీ చెకర్ పాట అని రాసి వదిలేశావ్, అందరూ అలాగే రాస్తారు. కానీ చబ్బీ పాడుతుంటే పక్కనుంచి ఒక అమ్మాయి అందుకుంటుంది, విన్నావా? ఆ అమ్మాయి వెనకాల నిలబడి ఊ కొట్టే కోరస్ కాదు, అతనికి ఎదురు నిలబడి జవాబిస్తోంది. ఆ పిల్ల పేరు డీ డీ షార్ప్. ఫిలడెల్ఫియా పిల్ల, అసలు పేరు డయోన్ లారూ, అప్పటికి 16 ఏళ్లు. రికార్డు లేబుల్ మీద మాత్రం ఆ పేరు లేదు.

అదే ఏడాది ఆ పిల్ల సొంతంగా మ్యాష్డ్ పొటాటో టైమ్ పాడింది, అది 2వ స్థానానికి వెళ్లింది, అంటే చబ్బీతో పాడినదానికంటే ఒక మెట్టు పైకే. ఆ ఏడాదే ఇద్దరూ కలిసి డౌన్ టు ఎర్త్ అనే డ్యూయెట్ ఎల్పీ చేశారు, ఈసారి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పేరు లేని గొంతు అదే ఏడాదిలో అట్ట మీదకి ఎక్కింది. నువ్వు ఈ ఎల్పీకి ఒక్క లైన్ ఇచ్చి వెళ్లిపోయావ్, నా లెక్కలో నీ కథ అక్కడే ఉంది.

నాకు ఇది ఎందుకింత పట్టింపో చెప్తా. నా మొట్టమొదటి వ్యాసం ఒక వారపత్రికలో వచ్చింది, ఏ పత్రికో ఇప్పుడు అనవసరం. పుస్తకం కొనుక్కుని బస్టాండులో నిలబడే పేజీలు తిప్పా. వ్యాసం ఉంది, బొమ్మ ఉంది, నా పేరు లేదు. ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ ఏమీ అనలేదు, ఆ పేజీ కత్తిరించి, పక్కన ఖాళీలో నీలం పెన్నుతో నా పేరు ఇంటిపేరుతో సహా రాసి బీరువాలో చీరల కింద పెట్టింది. ఆ కాయితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అప్పట్నుంచి ఏ రికార్డు తీసినా ముందు నా కళ్లు వెతికేది ఎవరి పేరు లేదా అని.

వెతికితే ఆ కాలమంతా ఇదే కనిపిస్తుంది. ద ట్విస్ట్ పాటే తీసుకో. అది హ్యాంక్ బల్లార్డ్ రాసుకుని మిడ్‌నైటర్స్ అనే తన బృందంతో పాడిన పాట, 1959లో ఒక రికార్డుకి బి సైడుగా, అంటే అసలు పాట వెనక వైపున, వచ్చింది. 1960లో ఫిలడెల్ఫియాలో కేమియో పార్క్‌వే కంపెనీ వాళ్లు అదే పాటని చబ్బీతో దాదాపు అదే గొంతు, అదే నడకతో పాడించారు, డిక్ క్లార్క్ నడిపిన అమెరికన్ బ్యాండ్‌స్టాండ్ టీవీ షో దాన్ని దేశమంతా తిప్పింది, నంబర్ వన్ అయింది. రేడియోలో అది విని బల్లార్డ్ మొదట తన రికార్డే అనుకున్నాడని చెప్తారు. పాట రాసినవాడిగా డబ్బు వచ్చింది, కానీ ట్విస్ట్ అంటే జనానికి గుర్తొచ్చే మొహం వేరే అయిపోయింది.

మ్యాష్డ్ పొటాటో సంగతి ఇంకా చిత్రం. అదొక డాన్స్ స్టెప్పు, గాయకుడు జేమ్స్ బ్రౌన్ స్టేజీ మీద వేసేది. దాని మీద తన బ్యాండుతో రికార్డు చేద్దామంటే తన కంపెనీ అధిపతి సిడ్ నేథన్ వద్దన్నాడు, దాంతో 1960లో వేరే కంపెనీ నుంచి డ్రమ్మర్ పేరు పెట్టి, నాట్ కెండ్రిక్ అండ్ ద స్వాన్స్ అని విడుదల చేశారు. చూశావా, డాన్స్ తనది, బ్యాండ్ తనది, లేబుల్ మీద పేరు డ్రమ్మరుది.

బ్యాండ్‌స్టాండ్ గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండు. 1957 ఆగస్టు నుంచి అది దేశమంతా చూసిన షో, స్కూలు నుంచి వచ్చిన పిల్లలు కెమెరా ముందు డాన్స్ చేసేవాళ్లు, కానీ ఆ పిల్లల్లో నల్లజాతి పిల్లలు కనపడటం చాలా అరుదు, లోపలికి రానివ్వకుండా ఏదో ఒక అడ్డు పెట్టేవాళ్లు. దగ్గర్లోనే డెలావేర్‌లోని విల్మింగ్టన్ నుంచి మిచ్ థామస్ అనే నల్లజాతి డీజే నడిపిన టీవీ షో ఒకటి ఉండేది, అక్కడ నల్లజాతి పిల్లలు వేసిన స్టెప్పులు చూసి నేర్చుకుని బ్యాండ్‌స్టాండ్ పిల్లలు వేస్తే దేశం వాళ్లదే అనుకుంది. నీ అమాయకమైన రోజులు అనే మాట ఈ స్టూడియో గుమ్మం దగ్గర నిలబడి ఇంకోసారి చదువుకో.

అలాగని చబ్బీని దొంగని చెయ్యకు, అది ఇంకో తొందరపాటు. అసలు పేరు ఎర్నెస్ట్ ఎవాన్స్, దక్షిణ ఫిలడెల్ఫియాలో కోళ్ల దుకాణంలో పనిచేసిన కుర్రాడు, అందరి గొంతులూ అనుకరించి నవ్వించేవాడు. అప్పటికే తెలిసినవాళ్లు చబ్బీ అని పిలిచేవాళ్లు, ఫ్యాట్స్ డామినో అనే గాయకుడి గొంతు అనుకరిస్తుంటే విని డిక్ క్లార్క్ భార్య సరదాగా దానికి చెకర్ అని తగిలించింది. అంటే లేబుల్ మీద పడిన పేరు కూడా అతనిది కాదు! ట్విస్ట్ వల్ల మంచి నైట్‌క్లబ్ గాయకుడిగా ఎదగాలన్న తన కోరిక దెబ్బతిందని తర్వాత తనే బాధపడ్డాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో బల్లార్డ్‌కి 1990లో చోటు దొరికితే చబ్బీ 2025 దాకా ఆగాల్సి వచ్చింది.

గాయకుడు బాబీ రైడెల్, చబ్బీ కలిసి 1961లో చేసిన డ్యూయెట్ ఆల్బమ్ మీద నువ్వు రాసిన పేరా బాగుంది, కానీ టైమ్‌పాస్ సరుకు అన్నావ్. టీచ్ మి టు ట్విస్ట్ అని ఒకరు నేర్పమనడం ఇంకొకరు నేర్పడం, తేలిక సరుకే, ఒప్పుకుంటా. కానీ ఒకడు ఇటాలియన్ కుటుంబం పిల్లాడు, ఇంకొకడు నల్లజాతి పిల్లాడు, ఇద్దరూ దక్షిణ ఫిలడెల్ఫియాలో పెరిగినవాళ్లే, అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మంచినీళ్ల కుళాయిలు కూడా వేరువేరుగా ఉన్న ఏడాదిలో ఇద్దరి పేర్లూ ఒకే అట్ట మీద పక్కపక్కన. దీనికి పెద్ద పెద్ద మాటలేమీ వద్దు, కుళాయి సంగతి ఒక వాక్యం, అట్ట సంగతి ఒక వాక్యం రాసి ఊరుకో చాలు.

ఇంకొకటి, ట్విస్ట్ ఎలా చేస్తారో నీ వ్యాసంలో ఎక్కడా లేదు! నువ్వు ఒకసారి చేసి చూడు తమ్ముడూ, సిగ్గుపడకు, తలుపేసుకుని చెయ్యి. కాలి మునివేళ్లతో నేల మీద సిగరెట్ నలుపుతున్నట్టు, అదే టైములో స్నానం చేసి తువ్వాలుతో వీపు తుడుచుకుంటున్నట్టు, చబ్బీ ఇలాగే నేర్పేవాడు. రెండు నిమిషాలకి పిక్కలు పట్టేస్తాయి. అప్పుడు ఒకటి తెలుస్తుంది, ఎదుటి మనిషి చెయ్యి పట్టుకోనక్కర్లేదు. అంతకుముందు జంట డాన్సంటే మగవాడు నడిపించడం ఆడది అనుసరించడం, ఇక్కడ ఎవరి నడుము వాళ్లదే, ఎవరి అడుగు వాళ్లదే. డీ డీ షార్ప్ జవాబిచ్చే తీరుకీ దీనికీ చుట్టరికం ఉందని నాకు గట్టి నమ్మకం, నువ్వు ఒప్పుకోకపోతే ఎందుకో రాయి.

ద ట్విస్ట్ 1960 సెప్టెంబరులో ఒకసారి, 1962 జనవరిలో రెండోసారి నంబర్ వన్ అయిందని తేదీలు వేశావ్, మంచిదే, కానీ ఎందుకు తిరిగొచ్చిందో వదిలేశావ్. పిల్లలు అప్పటికి వేరే స్టెప్పులకి వెళ్లిపోయారు, న్యూయార్క్‌లో పెప్పర్‌మింట్ లాంజ్ అనే చిన్న క్లబ్బుకి డబ్బున్న పెద్దవాళ్లు, సినిమావాళ్లు ఎగబడి పిల్లల డాన్స్ తాము మొదలెట్టారు, అందుకే తిరిగొచ్చింది. కారణం పక్కన లేకపోతే తేదీ బస్ టికెట్ మీద నంబర్ లాగా ఉంటుంది, ఎవరూ చదవరు.

చివర్లో తెలుగు సినిమాల్లో ట్విస్ట్ అని హడావిడిగా అతికించిన పేరా తీసెయ్యి. హిందీలో భూత్ బంగ్లా ఉంది, 1965, ఆర్.డి. బర్మన్ సంగీతం, మన్నాడే పాడిన ట్విస్ట్ పాట, అది చబ్బీ లెట్స్ ట్విస్ట్ అగైన్ నుంచి పుట్టిందే. మన పాటల్లో అంత గట్టి లింకు దొరికితే వేరే వ్యాసం రాయి. ఫిలడెల్ఫియా కథ ఫిలడెల్ఫియాలోనే ఉండనీ.

వచ్చే ఆదివారం లోపు తిరగరాసి పంపు. మొదటి వాక్యంలో డీ డీ షార్ప్ పేరు ఉండాలి. పైన నీ పేరు కూడా రాయడం మర్చిపోకు, ఈసారి కాయితం మీద ఎక్కడా లేదు.

అక్క