‘వైకల్యాన్ని జయించి’ అనవచ్చా?

సందేహం: మా అబ్బాయి వక్తృత్వ పోటీ కోసం ఒక వాక్యం రాసుకున్నాడు. “వైకల్యాన్ని జయించి, వీల్‌చైర్‌కే పరిమితమైన ఇటలీ క్రీడాకారిణి బెబె వియో పారాలింపిక్స్‌లో స్వర్ణం సాధించింది.” వ్యాకరణం ప్రకారం తప్పేమీ కనిపించడం లేదు గానీ ఎక్కడో అతకలేదనిపిస్తోంది. ఇంకొకటి, పారాలింపిక్స్‌ను ‘వికలాంగుల ఒలింపిక్స్’ అని రాయవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీకు అతకలేదనిపించడం సబబే. చిక్కు ‘జయించి’ దగ్గరే ఉంది. అది క్త్వార్థకం, అంటే ఒక పని ముగిశాక మరొకటి జరిగిందని చెప్పే క్రియారూపం. ‘స్నానం చేసి గుడికి వెళ్లింది’ అంటే స్నానం ముగిసిన తరువాతే గుడి. అలాగే ‘వైకల్యాన్ని జయించి స్వర్ణం సాధించింది’ అంటే ముందు వైకల్యం తొలగింది, ఆపైన పతకం వచ్చింది అని అర్థం వస్తుంది. వియోకు స్వర్ణం వచ్చిన రోజున కూడా రెండు చేతులూ మోచేతుల కింది నుంచి లేవు, కాళ్లు మోకాళ్ల కింది నుంచి లేవు. ఆమె ఫైనల్లో జయించింది చైనాకు చెందిన ఝౌ జింగ్‌జింగ్‌ను. 2016లో రియోలో ఒకసారి, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో మరోసారి.

‘ఆకలిని జయించి’, ‘నిద్రను జయించి’ అంటున్నాం కదా అని మీరు అడగవచ్చు. అక్కడ ఆకలి, నిద్ర మనిషిని లొంగదీసుకోవాలని చూస్తాయి, మనిషి లొంగడు. చేయి లేకపోవడం అలాంటి శత్రువు కాదు, అది ఆమె శరీరం. వియో జీవితంలో ‘జయించి’కి సరిపోయే కర్మపదం వేరే ఉంది. పదకొండేళ్ల వయసులో ఆమెకు మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) సోకింది. ప్రాణం దక్కించడానికి వైద్యులు కాళ్లూ చేతులూ తీసేయవలసి వచ్చింది. ‘మెనింజైటిస్‌ను జయించి’ అని రాస్తే క్త్వార్థకానికీ న్యాయం జరుగుతుంది, ఆమెకూ జరుగుతుంది.

ఇక ‘వీల్‌చైర్‌కే పరిమితమైన’. ఇది వ్యాకరణానికి లోబడే ఉంది, నిజానికే లోబడలేదు. వియో కృత్రిమ కాళ్లతో నడుస్తుంది. ఆమె ఆడే క్రీడ పేరు వీల్‌చైర్ ఫెన్సింగ్ గనుక ఆట సమయంలో కుర్చీలో కూర్చుంటుంది, అంతే. ఆ ఆట ఒక్కసారి చూస్తే ఈ విశేషణం ఇక వాడబుద్ధి కాదు. ఇద్దరి కుర్చీలనూ నేలమీది చట్రానికి కదలకుండా బిగిస్తారు. వెనక్కి తగ్గే వీలుండదు. దాడి నుంచి తప్పించుకోవాలన్నా, మీదికి దూకాలన్నా నడుము పైభాగంతోనే. ఫాయిల్ అనే సన్నని కత్తి మొన ప్రత్యర్థి మొండెం మీద తగిలితేనే పాయింటు. మిగతావాళ్లు పిడిని వేళ్లతో తిప్పుతూ మొనను నడిపిస్తారు. వియో ఫాయిల్‌ను కృత్రిమ చేతికి బిగిస్తారు. వేళ్లు చేసే పనంతా ఆమె మోచేయి, భుజం చేయాలి. ‘వేళ్లు లేకపోయినా’ అన్న అప్యర్థకం (‘అయినా సరే’ అనే అర్థమిచ్చే రూపం) ఇక్కడ చక్కగా కుదురుతుంది. ప్రత్యర్థులకు ఉన్నదేదో ఆమెకు లేదు, అయినా గెలిచింది. ‘కాళ్లు లేకపోయినా గెలిచింది’ అంటే మాత్రం బలం లేదు, అక్కడ పోటీ పడేవాళ్లందరూ కూర్చునే ఆడతారు కదా.

మీ అబ్బాయి ఇలా రాసుకోవచ్చు: “మెనింజైటిస్‌ను జయించిన ఇటలీ క్రీడాకారిణి బెబె వియో, కృత్రిమ చేతికి బిగించిన ఫాయిల్‌తో రియోలోనూ టోక్యోలోనూ వీల్‌చైర్ ఫెన్సింగ్ స్వర్ణం గెలిచింది.” చివరలో 2024 పారిస్ కాంస్యాలను కూడా చేర్చమనండి.

ఇటలీ క్రీడాకారుల గురించి రాసేటప్పుడు మన క్రియలు ఇంకా కొన్నిచోట్ల జారుతుంటాయి. అలెక్స్ జనార్డీ 2001లో జర్మనీలో కారు రేసులో జరిగిన ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. తరువాత హ్యాండ్‌సైక్లింగ్‌కు మారి 2012 లండన్‌లో రెండు, 2016 రియోలో రెండు స్వర్ణాలు గెలిచాడు. ఆయన ‘సైకిల్ తొక్కి’ గెలిచాడని రాయకండి. తొక్కడం పాదాల పని. పెడళ్లను చేతులతో ‘తిప్పి’ గెలిచాడు.

అసుంటా లెన్యాంటె విషయంలో ‘చూపు పోయాక’ అన్నదే సరైన మాట. ఆమె 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో షాట్‌పుట్ విసిరింది. ఆ తరువాత చూపు కోల్పోయి, 2012 లండన్ పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. ముందు వెనకలు స్పష్టంగా ఉన్న ఈ కథకు ‘పోయినా’ కన్నా ‘పోయాక’ బాగా నప్పుతుంది. అదే ఇనపగుండు, అదే వలయం, మధ్యలో మారింది ఒక్కటే.

టోక్యోలో మహిళల 100 మీటర్ల టీ63 (ఒక కాలు మోకాలి దగ్గర గానీ ఆ పైన గానీ లేనివారి విభాగం) పరుగులో మూడు పతకాలూ ఇటలీవే. అంబ్రా సబాటినీ 14.11 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం, మార్టినా కైరోని రజతం, అఫ్గానిస్తాన్‌లో గాయపడిన సైనికురాలు మోనికా కాంట్రాఫాటో కాంస్యం. ‘కాళ్లు కోల్పోయిన ముగ్గురు’ అని రాస్తే ఒక్కొక్కరికి రెండు కాళ్లూ లేవనుకుంటారు. ‘ఒక్కో కాలు కోల్పోయిన ముగ్గురు’ అనండి. ఇంత చిన్న మాట వేయడానికి బద్ధకించకూడదు.

రెండో ప్రశ్న. ‘వికలాంగుల ఒలింపిక్స్’ వద్దు. 1960లో రోమ్‌లో 23 దేశాల నుంచి సుమారు 400 మందితో జరిగిన క్రీడలను ఇప్పుడు తొలి పారాలింపిక్స్‌గా లెక్కిస్తారు. ఇటలీ వైద్యుడు ఆంటోనియో మాల్యో చొరవతో జరిగిన ఆ పోటీల్లో పాల్గొన్నవారందరూ వెన్నుపాము దెబ్బతిన్నవారే. అప్పుడైతే ఆ పేరు కొంతవరకు సరిపోయేదేమో. ఇప్పుడు సరిపోదు. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వెళ్లి 2024 పారిస్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చిన మన జీవంజి దీప్తి పోటీ పడింది టీ20 విభాగంలో. అది మేధోపరమైన వైకల్యం ఉన్నవారిది. ఆమెకు ఏ అంగమూ వికలం కాదు. ‘దివ్యాంగుల ఒలింపిక్స్’ అన్నా ఇదే చిక్కు, అందులోనూ అంగమే ఉంది. పారాలింపిక్స్ అనే రాయండి. ఆ పదం ఇప్పటికే మన నోళ్లలో పడింది, పారాలింపిక్స్‌లో, పారాలింపిక్స్‌కు అంటూ మన విభక్తులూ దానికి హాయిగా అతుకుతున్నాయి.