ముందున్నదాన్ని అందుకోవడానికి స్పీడు తగ్గించాలా?

ప్రశ్న: మా పాప శ్రీకాకుళంలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఇస్రో స్పేడెక్స్ ప్రయోగం వీడియోలు చూసిన దగ్గర్నుంచి, కక్ష్యలో రెండు ఉపగ్రహాలను కలిపే డాకింగ్ పనే చేస్తానంటోంది. ఒక కాలేజీవాళ్లు ఏరోస్పేస్ సీటు ఇప్పుడే బుక్ చేసుకోమంటున్నారు. కట్టేయమంటారా? ముందున్న ఉపగ్రహాన్ని అందుకోవాలంటే స్పీడు తగ్గించాలట. పాప ఎంత చెప్పినా నాకు బుర్రకెక్కలేదు. - ఒక తండ్రి, ఆమదాలవలస

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకండి. ఇక రెండోది, పాప చెప్పింది నిజమే.

హైవే మీదైతే యాక్సిలరేటర్ తొక్కుతాం. కక్ష్యలో ముందుకు తోస్తే కక్ష్యే పెద్దదైపోతుంది, చుట్టుకు ఎక్కువ సమయం పడుతుంది, వెనకబడిపోతాం. 1965లో అమెరికా వ్యోమనౌక జెమినై-4లో వెళ్లిన మెక్‌డివిట్ రాకెట్ నుంచి విడిపోయిన భాగం దగ్గరికి నేరుగా వెళ్లబోయాడు. ఇంధనం ఖర్చయింది కానీ అది అందలేదు. అందుకే వెనకున్నది కాస్త వేగం తగ్గించి కిందికి దిగుతుంది. కింద చుట్టు చిన్నది, వేగం కూడా ఎక్కువే. 475 కిలోమీటర్ల ఎత్తు నుంచి 10 కిలోమీటర్లు దిగితే ఒక్కో చుట్టుకు దాదాపు 12 సెకన్లు కలిసొస్తాయి. అంటే సుమారు 94 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి దాదాపు విశాఖ చేరినంత! దగ్గరపడ్డాక మళ్లీ పైకి లేవాలి.

అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. స్పేడెక్స్ జంట 2024 డిసెంబరు 30న ఎగిరితే, కలిసింది 2025 జనవరి 16న. ఒక్కోటీ 220 కిలోలు. 15 మీటర్ల దగ్గర ఆగి, 3 మీటర్ల దగ్గర మళ్లీ ఆగి, అప్పుడు కలిశాయి. దూరం కొలిచే సెన్సర్లు, నిర్ణయం తీసుకునే సాఫ్ట్‌వేర్, పట్టుకునే యంత్రం... ఇదంతా ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్, మెకానికల్‌వాళ్ల పని కూడా. ఇస్రో సైంటిస్ట్ నోటిఫికేషన్లలో ఎక్కువగా కనిపించేవీ ఈ మూడు బ్రాంచీలే. బోర్డు మీద ఏరోస్పేస్ అని ఉందని, ల్యాబ్ కూడా చూడకుండా చేరితే నష్టపోతారు. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో బీటెక్‌కి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. అది రాకపోతే మంచి కాలేజీలో ఈసీఈ చాలు, టెన్షన్ పడకండి.

ఈలోగా పాపకు ఓ పని చెప్పండి. ఫస్టియర్ ఫిజిక్స్‌లో గురుత్వాకర్షణ పాఠం తీసి, 10కి బదులు 5 కిలోమీటర్లు దిగితే ఒక్కో చుట్టుకు ఎన్ని సెకన్లు, ఎన్ని కిలోమీటర్లు కలిసొస్తాయో లెక్క కట్టమనండి. ఎత్తుకు భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లు కలపడం మరిచిపోతే సెకన్ల లెక్క అడ్డదిడ్డంగా వస్తుంది. సరిగ్గా చేస్తే దూరం 47 కిలోమీటర్లకి దగ్గర్లో ఆగుతుంది.