ఇంట్లో ఆఫీసు పెట్టుకుంటున్న చిన్నికి

చిన్నీ,

ఇంటి నుంచే పని మొదలుపెడుతున్నానని, ఏ కంప్యూటర్ కొనమంటావని అడిగావు. చాలా సంతోషం. మోడల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక మాట విను. నేను 18 ఏళ్లుగా ఇంట్లో కూర్చునే అనువాదాలు చేస్తున్నాను. ఇన్నేళ్లలో కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోందని నేను పెద్దగా బాధపడింది లేదు. నన్ను ఏడిపించినవి రెండే: మెడనొప్పి, పోయిన ఫైళ్లు. అందుకని నీ దగ్గరున్న డబ్బులో ముందు ఒంటికి తగిలే వస్తువులకీ, పనిని కాపాడే వస్తువులకీ తీసి పక్కన పెట్టు. మిగిలినదాంతో కంప్యూటర్ కొనుక్కో.

కుర్చీ కొనేముందు పది నిమిషాలైనా అందులో కూర్చుని చూడు. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. టైప్ చేసేటప్పుడు భుజాలు పైకి లేవకూడదు, మోచేతులు ఒంటికి దగ్గరగా, టేబుల్ ఎత్తుకి సరిపోయేలా ఉండాలి. మానిటర్ పై అంచు నీ కళ్ల ఎత్తులోనో, కొంచెం కిందగానో ఉండాలి. దూరం అంటావా, చెయ్యి చాపితే వేళ్లు తెరకి తగిలేంత. లాప్‌టాప్‌తో చిక్కేమిటంటే తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తెరని పైకి లేపితే చేతులు నొప్పి, కిందకి దించితే మెడ నొప్పి. మొదటి ఆరేళ్లు నేను ఒట్టి లాప్‌టాప్ మీదే పని చేశాను. చివరికి జడ వేసుకోవడానికి ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు. ఒకరోజు రెండు లావుపాటి నిఘంటువుల మీద లాప్‌టాప్ ఎత్తి పెట్టి, విడిగా ఒక మామూలు కీబోర్డు, మౌస్ తగిలించాను. నెల తిరిగేసరికి తేడా తెలిసింది. లాప్‌టాపే కొంటే స్టాండు, కీబోర్డు, మౌస్ కూడా కలిపే లెక్క వేసుకో.

కిటికీ నీకు పక్కగా ఉండేలా టేబుల్ వేసుకో. వెనకుంటే తెర మీద మెరుస్తుంది, ఎదురుగా ఉంటే కళ్లు చికిలించాల్సి వస్తుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన ఉన్నదేదైనా 20 సెకన్లు చూడు.

ఇక కంప్యూటర్. ఉత్తరాలు, లెక్కల షీట్లు, వీడియో కాల్స్ వరకే అయితే మధ్యరకం ప్రాసెసర్ చాలు. ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు వాడే మెమరీ, మాత్రం 16 జీబీ ఉండాలి. ఫైళ్లు దాచుకునే డిస్కు ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని వేగమైన రకం, అయి తీరాలి. సెకండ్ హ్యాండ్‌ది చూస్తున్నానన్నావు. తప్పేం లేదు, కాకపోతే విండోస్ 11 దానికి ఎక్కుతుందో లేదో ముందే కనుక్కో. విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

కాల్స్ ఎక్కువుంటే కెమెరా కన్నా మైకున్న మంచి హెడ్‌సెట్ మీద ఖర్చు పెట్టు. ముఖం కొంచెం మసకగా కనిపించినా ఎవరూ ఏమీ అనుకోరు, మాట తెగిపోతే మాత్రం విసుక్కుంటారు. రూటర్ దగ్గరలో ఉంటే వైఫై వద్దు, లాన్ కేబుల్ వేసుకో. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కాబట్టి రూటర్‌కి చిన్న యూపీఎస్ (కరెంటు పోతే కాసేపు బ్యాటరీతో నడిపే పెట్టె) ఉంటే చాలు. డెస్క్‌టాప్ అయితే సీపీయూ, మానిటర్, రూటర్ మూడూ యూపీఎస్‌కే తగిలించు. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్ బ్యాటరీ సాకెట్‌కి పెట్టకు, ప్రింటర్ ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, బ్యాకప్. నేను రోజూ సాయంత్రం సి డ్రైవ్‌లో ఉన్న పనిని డి డ్రైవ్‌లోకి కాపీ చేసి నిశ్చింతగా పడుకునేదాన్ని. రెండు చోట్ల ఉందని నా ధైర్యం. ఒకరోజు డిస్కులోంచి టిక్... టిక్... మని గోడగడియారంలాంటి చప్పుడు మొదలైంది. అరగంటలో తెర నల్లబడిపోయింది. సి, డి రెండూ ఒకే డిస్కులో కట్టిన రెండు గదులని, ఇల్లు కూలితే రెండూ పోతాయని నాకప్పుడు అర్థమైంది. 140 పేజీలు మళ్లీ మొదటి నుంచి చేశాను. నీకా గతి పట్టకూడదు.

ముఖ్యమైన ప్రతి ఫైలూ మూడు కాపీలుండాలి, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో దాచుకునే చోట, ఒకటి. ఇక్కడి మార్పులన్నీ తనంతట తానే అక్కడా చేసేసే క్లౌడ్ సింక్ ఒక్కటే ఉంటే సరిపోదు, ఇక్కడ పొరపాటున చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. ఎక్స్‌టర్నల్ డిస్కుని కాపీ అవగానే ఊడదీసి బీరువాలో పెట్టు, వైరస్ వచ్చినా దాన్ని అంటుకోదు. నెలకోసారి అందులోంచి ఏదో ఒక ఫైలు తెరిచి చూడు. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. కొత్త లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్ అయి ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద ప్రింట్ తీసి దాచు.

సాఫ్ట్‌వేర్ తక్కువే పెట్టుకో. పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి బిట్‌వార్డెన్, డాక్యుమెంట్లకి లిబ్రేఆఫీస్ ఉచితంగానే వస్తాయి. యాంటీవైరస్ విడిగా కొనక్కర్లేదు, విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ని ఆపకుండా, అప్‌డేట్లు వాయిదా వెయ్యకుండా ఉంటే చాలు. ఈమెయిల్‌కి రెండంచెల లాగిన్, అంటే పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌కి వచ్చే కోడ్ లాంటి రెండో తనిఖీ, మొదటిరోజే పెట్టేసుకో.

తెలుగు టైపింగ్‌కి విండోస్ సెట్టింగ్స్‌లోనే తెలుగు కీబోర్డు కలుపుకోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టడం అలవాటైతే ఫొనెటిక్ తీసుకో, రోజూ పేజీలకి పేజీలు రాయాలంటే పది రోజులు కష్టపడి ఇన్‌స్క్రిప్ట్, అంటే తెలుగు అక్షరాలకి విడిగా మీటలున్న కీబోర్డు అమరిక, నేర్చుకో. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఏది వాడినా యూనికోడ్‌లోనే, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతిలోనే, రాయి. నేను పాత ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు ఇప్పుడు తెరిస్తే ఒక్క ముక్క చదవడానికి రాదు. విండోస్ కీతో వి నొక్కి, మొదటిసారి అడిగినప్పుడు ఆన్ చేసుకుంటే, ఆ తర్వాత ఈమధ్య కాపీ చేసినవి వరసగా కనిపిస్తాయి. నాకు రోజుకి యాభైసార్లు పనికొస్తుంది.

టేబుల్ సర్దుకున్నాక, నువ్వు కుర్చీలో కూర్చుని ఉండగా పక్క నుంచి ఎవరితోనైనా ఒక ఫోటో తీయించి పంపు. నీ మెడ, తెర ఎత్తు చూసి చెబుతాను. కంప్యూటర్ ఆ తర్వాత కొందాం.

మీ పెద్దమ్మ