ఝావోకే ఓటెయ్, కాకపోతే తక్కెడ మార్చకు

తమ్ముడూ,

స్నూకర్‌లో 2024-25 సీజన్‌కి మేటి ఆటగాడెవరో తేలుస్తూ రాసిన నీ వ్యాసం అందింది. రాత్రి పదకొండున్నరకి పంపి, పొద్దున్న ఆరింటికల్లా "అన్నా, చదివారా?" అని మెసేజ్ పెట్టావు చూడు, ఆ తొందర చూసి నవ్వొచ్చింది, నా పాత రోజులు కూడా గుర్తొచ్చాయి. చదివాను. ఒకసారి బీచ్ రోడ్డులో వాకింగ్ మధ్యలో ఆగి సిమెంటు బెంచీ మీద కూర్చుని చదివాను. ఇంటికొచ్చాక కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని ఇంకోసారి. ఫోన్లో చదివేదానికి పెన్సిలెందుకని అడక్కు, అలవాటు.

క్యూ కర్రతో బంతులు కొట్టి బల్ల జేబుల్లో వేసే ఈ స్నూకర్ గురించి తెలుగులో, అదీ మన విశాఖలో కూర్చుని, ఎవరూ అడక్కుండానే రాయాలనిపించడం పెద్ద సంగతే. మెచ్చుకోలు ఇక్కడితో అయిపోయింది. ఇక తిట్లు.

2024-25 సీజన్‌లో మేటి ఆటగాడు ఝావో షింటాంగే అని రాశావు. తప్పేం లేదు. ప్రపంచ చాంపియన్ అయ్యాడు, ఆ టైటిల్ కొట్టిన తొలి చైనా ఆటగాడు, అదీ అమెచ్యూర్‌గా బరిలో దిగి. నాలుగు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలిస్తేగానీ షెఫీల్డ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగే క్రూసిబుల్ థియేటర్ గుమ్మం తొక్కలేదు, ఆ తర్వాత ఇంకో ఐదు మ్యాచ్‌లు. సెమీస్‌లో రోనీ ఒసల్లివాన్‌ని 17-7 ఫ్రేములతో (ఫ్రేమ్ అంటే ఒక్కో గేమ్) చితక్కొట్టి, ఫైనల్లో మార్క్ విలియమ్స్‌ని 18-12తో ఓడించాడు. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని నువ్వు చేసిందేంటి? మొదటి పేరాలో "ప్రపంచ టైటిల్ ముందు మిగతావన్నీ దిగదుడుపే" అన్నావు. మూడో పేరాలో అదే సీజన్లో కైరన్ విల్సన్ గెలిచిన నాలుగు ర్యాంకింగ్ టైటిళ్ళని (ప్రపంచ ర్యాంకు లెక్కలో కలిసేవి) "చిన్నాచితకా టోర్నీలు" అని తీసిపారేశావు. సరే, అదే లెక్క చివరిదాకా ఉంటుందేమో అనుకున్నాను. ఐదో పేరాకొచ్చేసరికి ఝావో గెలుపుల సంఖ్య పెంచడానికి అతను క్యూ టూర్‌లో గెలిచినవన్నీ తెచ్చి కలిపావు. క్యూ టూర్ అంటే అసలు టూర్‌లోకి రావడానికి కింద ఉన్న మెట్టు. మరి పెద్దవాళ్ళు ఆడిన, విల్సన్ గెలిచిన జర్మన్ మాస్టర్స్ చిన్నదైపోయి, కింది మెట్టు మీద గెలిచింది పెద్దదెలా అయింది?

మన ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారి చేపలు కొన్నావా ఎప్పుడైనా? వంజరానికి ఒక రాయి, కవళ్ళకి ఇంకో రాయి పెట్టి తూచే మనిషిని జనం ఒక్కసారి కనిపెడితే చాలు, మళ్ళీ ఆ గంప వైపు చూడరు. చేప తాజాదే అయినా సరే చూడరు. నీ వ్యాసంలో చేప తాజాదే, రాళ్ళే మూడు రకాలు.

డబ్బు బాగా సంపాదించిన జడ్ ట్రంప్ దగ్గరా ఇదే. "డబ్బు కొలబద్ద కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ప్రొఫెషనల్ ర్యాంకింగ్ లిస్టు నడిచేదే డబ్బు మీద కదా, రెండేళ్ళలో సంపాదించిన ప్రైజ్ మనీని బట్టి. ఆ పద్ధతి నీకు నచ్చకపోతే నచ్చలేదని రాయి, ఎందుకు నచ్చలేదో కూడా రాయి. కారణాలు కుప్పలుగా ఉన్నాయి. ఆ సీజన్లో సౌదీ టోర్నీ గెలిచినందుకు ట్రంప్‌కి 5 లక్షల పౌండ్లు వచ్చాయి, ప్రపంచ టైటిల్ గెలిచినందుకు ఝావోకీ అంతే. క్రూసిబుల్‌లో 17 రోజులు నలిగి, రెండు రోజుల పాటు, 35 ఫ్రేముల దాకా సాగగల ఫైనల్ ఆడినదానికీ, వారం చిల్లరలో ముగిసేదానికీ ఒకటే తూకమా అని అడిగి ఉంటే నేను అక్కడే పడిపోయేవాణ్ణి. ఇంకోటి, జనవరిలో జరిగే మాస్టర్స్ టోర్నీ. మేటి 16 మందిని పిలిచి ఆడిస్తారు, అది గెలిస్తే జన్మ ధన్యమనుకుంటారు, ర్యాంకింగ్‌లో మాత్రం దాని తాలూకు ఒక్క పౌండు కూడా కలవదు. నీ వాదానికి పనికొచ్చే ముక్కలివి, వీటినే వదిలేశావు.

ఇక నీ వ్యాసంలో అసలు కనిపించనిది. ఆ సీజన్లో విల్సన్, ట్రంప్ మూడు ఫైనల్స్‌లో ఎదురుపడ్డారు. షియాన్ గ్రాండ్ ప్రి, 10-8. నార్తర్న్ ఐర్లాండ్ ఓపెన్, 9-3. ప్లేయర్స్ చాంపియన్‌షిప్, 10-9. మూడూ విల్సనే గెలిచాడు. సీజన్ ముగిసేసరికి ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న ట్రంప్‌ని ఒకే సీజన్లో మూడుసార్లు ఫైనల్లో పడేసిన మనిషిని నువ్వు చిన్నాచితకా అన్నావు, స్కోర్లు కూడా చూడకుండా. అదే విల్సన్ క్రూసిబుల్‌కి చాంపియన్ హోదాలో వెళ్ళి మొదటి రౌండ్లోనే లే పెయ్‌ఫాన్ చేతిలో 10-9తో ఇంటికొచ్చాడు, అదీ రాయాలి, అది నీకు అనుకూలం కూడా. నా ఓటు ఎవరికంటావా, విల్సన్‌కే. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. నీ వ్యాసం చదివాక నా ఓటు కొంచెమైనా ఊగిసలాడాలి, నేను అడిగేది అంతే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో తెలియాలంటే నా పరువు పోయిన కథ వినాలి.

2017 సెప్టెంబరులో ఇండియన్ ఓపెన్ మన ఊరికొచ్చింది. నువ్వప్పుడు స్కూల్లో ఉండి ఉంటావు. టీవీలో బొమ్మల్లా చూసినవాళ్ళు మన ఉక్కపోతలో చొక్కా మీద వెయిస్ట్‌కోటు వేసుకుని ఆడుతుంటే నాకైతే పండగే. ఫైనల్లో జాన్ హిగ్గిన్స్ 5-1తో ఆంథనీ మెక్‌గిల్‌ని ఓడించాడు. ఆ ఊపులో ఆ సీజనంతా నిద్ర మానుకుని ఫాలో అయ్యాను. ఒసల్లివాన్ ఐదు ర్యాంకింగ్ టైటిళ్ళు కొట్టాడు, అందులో యూకే చాంపియన్‌షిప్ కూడా ఉంది. ఇంకేం, ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలవకముందే ఏప్రిల్లో ఒక పత్రికకి అర పేజీ రాసి పారేశాను, ఈ సీజన్ రోనీదే, షెఫీల్డ్‌లో జరగబోయేది లాంఛనం అని. వాళ్ళు ఫొటోతో సహా వేశారు. ఇంట్లో ఫ్రేమ్ కట్టిస్తానన్నాను కూడా.

రెండో రౌండ్లో ఆలీ కార్టర్ చేతిలో 13-9, రోనీ అవుట్. టైటిల్ ఎవరు గెలిచారు? 43 ఏళ్ళ మార్క్ విలియమ్స్. ముందు ఏడాది క్రూసిబుల్‌కి క్వాలిఫై కూడా కాలేక, ఆట మానేద్దామా అనుకున్న మనిషి, 15 ఏళ్ళ తర్వాత మళ్ళీ ప్రపంచ చాంపియన్. ఆ ఫైనల్ చూశావా? 14-7తో ముందున్నాడు, హిగ్గిన్స్ ఒక్కొక్క ఫ్రేమే లాక్కుంటూ 15-15 చేసేశాడు. 17-15 దగ్గర విలియమ్స్ పింకు బంతి జేబులో వేస్తే టైటిల్ అతనిదే, తప్పాడు. హిగ్గిన్స్ లేచి వచ్చి ఆ ఫ్రేమ్ పట్టుకుపోయాడు. స్నూకర్లో ఇదొక్కటే భరించలేని సంగతి, తప్పు చేసినవాడు వెళ్ళి కుర్చీలో కూర్చోవాలి, తన తప్పు ఎంత ఖరీదైందో కదలకుండా చూడాలి, అవతలివాడు ఆడినంతసేపూ చేసేదేమీ లేదు. బ్యాట్స్‌మన్ అవుటైతే కనీసం పెవిలియన్‌కి పోయి తలుపేసుకుంటాడు. విలియమ్స్ లేచి, తర్వాతి ఫ్రేమ్‌లో పని పూర్తి చేశాడు. గెలిస్తే బట్టల్లేకుండా ప్రెస్‌మీట్‌కి వస్తానన్నాడు, అన్నట్టే వచ్చాడు.

మన దేశంలో అప్పటికి తెల్లారుతోంది. సిరిపురం టీ కొట్టు దగ్గర నెల రోజుల పాటు నన్ను పలకరించిన మాట ఒకటే, "లాంఛనం ఎలా ఉంది గురూ?"

రోనీ ఓడిపోయినందుకు నా వ్యాసం తప్పైందని చాలాకాలం అనుకున్నాను, కాదు. నేను రాసే సమయానికే విలియమ్స్ ఆ సీజన్లో రెండు టైటిళ్ళు కొట్టి ఉన్నాడు, నార్తర్న్ ఐర్లాండ్ ఓపెన్, జర్మన్ మాస్టర్స్. ఆ పేరు నా అర పేజీలో ఒక్క లైనులో కూడా లేదు. తెలియక కాదురా, తెలుసు. రాస్తే నా హీరో పక్కన ఇంకొకడు నిలబడతాడని వదిలేశాను. అదే పని నువ్వు విల్సన్‌కి చేశావు, అందుకే ఇంత బాధ.

కాబట్టి ఒక పని చెయ్యి, చేతికి కొంచెం శ్రమే. 2013-14 సీజన్ తీసుకో. డింగ్ జున్‌హుయ్ ఐదు ర్యాంకింగ్ టైటిళ్ళు గెలిచాడు, అందులో ఒకటి ఢిల్లీలో, ఫైనల్లో మన ఆదిత్య మెహతాని 5-0తో ఓడించి (ఆ రోజు మనసు విరిగిపోయింది, అయినా ర్యాంకింగ్ ఫైనల్లో మనవాడు ఉన్నాడు కదా). నీల్ రాబర్ట్‌సన్ ఒకే సీజన్లో 103 సెంచరీ బ్రేకులు (బల్ల దగ్గర ఒక్క దఫాలో వందా, ఆపైన పాయింట్లు) కొట్టాడు, యూకే టైటిలూ అతనిదే. ఒసల్లివాన్ మాస్టర్స్ ఫైనల్లో మార్క్ సెల్బీని 10-4తో, వెల్ష్ ఓపెన్ ఫైనల్లో డింగ్‌ని 9-3తో కొట్టాడు, ఆ వెల్ష్ ఫైనల్‌ని 147తో (ఒక బ్రేకులో మామూలుగా వచ్చే గరిష్ఠ పాయింట్లు) ముగించాడు. చివర్లో మార్క్ సెల్బీ, క్రూసిబుల్ ఫైనల్లో 5-10తో వెనకబడి, అదే ఒసల్లివాన్‌ని 18-14తో ఓడించాడు. నలుగురి తరఫునా నాలుగు పేజీలు రాయి, ఒక్కో పేజీ చదివితే ఆ ఆటగాడికే ఓటెయ్యాలనిపించాలి. డింగ్ పేజీ రాసేటప్పుడు అతను క్రూసిబుల్‌లో మొదటి రౌండ్లోనే మైకేల్ వాస్లీ చేతిలో 10-9తో ఓడిపోయాడన్నది దాచకు. రాబర్ట్‌సన్ పేజీలో, ఓడిన మ్యాచ్‌లో కొట్టిన సెంచరీ కూడా సెంచరీల లెక్కలో చేరుతుందన్నది దాచకు. సెల్బీకి నంబర్లతో పని జరగదు, అతను సేఫ్టీ ఆడి అవతలివాడి చేతులు కట్టేసిన పావుగంట ఏ పట్టికలోనూ కనిపించదు, దాన్ని నువ్వు కూర్చుని చూసి రాయాలి. నాలుగూ అయ్యాక ఎవరి పేజీ రాయడం నీకు కష్టమైందో చూసుకో.

ఝావో సస్పెన్షన్ సంగతి ఆఖరి పేరాలో, "కొన్ని వివాదాలు ఉన్నప్పటికీ" అని మూడు మాటల్లో దాటేశావు. అలా కుదరదు. 20 నెలలు ఆటకి దూరంగా ఉన్నాడు. ఇంకో ఆటగాడు రెండు మ్యాచ్‌లు ఫిక్స్ చేసిన వ్యవహారంలో తనకి పాత్ర ఉందనీ, తాను కూడా స్నూకర్ మ్యాచ్‌ల మీద పందేలు కాశాననీ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకే 30 నెలల శిక్ష 20కి తగ్గింది. తన మ్యాచ్ తాను ఫిక్స్ చేశాడని మాత్రం ఎవరూ అనలేదు, ఆ తేడా కూడా స్పష్టంగా రాయి. 2024 సెప్టెంబరులో శిక్ష అయిపోయింది, తర్వాతి మేలో కప్పు ఎత్తాడు. రెండో పేరాలోనే పెట్టు దీన్ని. చదివేవాడికి ముందే తెలుసు, నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తుంటాడు, ఆలస్యం చేసేకొద్దీ మిగతాదేదీ నమ్మడు.

భాష. "శ్వేతగోళం" ఏంట్రా బాబూ? తెల్లబంతి అను, క్యూ బాల్ అన్నా ఎవరూ కొట్టరు. "రంధ్రగతం చేశాడు" అని చదివి మా ఆవిడ ఏదో ఆపరేషన్ గురించనుకుంది. పాట్ చేశాడు అను. "క్యూతో మాయాజాలం సృష్టించాడు" అని రెండుసార్లు రాశావు, రెండూ కొట్టేశాను. మాయ లేదు అక్కడ. ద్వారకానగర్‌లో మనం ఆడే పార్లర్‌కి పొద్దున్నే తాళం తీసే టైముకి ఒకసారి వెళ్ళు. అక్కడ బల్లలు చూసుకునే మార్కర్ బల్ల మీద బ్రష్ లాగడం చూడు, బాల్క్ వైపు (ఆట మొదలుపెట్టే చివర) నుంచి నల్లబంతి వైపుకే లాగుతాడు, పొరపాటున కూడా ఎదురు లాగడు, గుడ్డ మీది నూగు అటే వాలాలి. తర్వాత ఇస్త్రీ. అయినా తుఫాను రోజుల్లో సముద్రపు తడి పట్టి మన బల్ల ఎలా తయారవుతుందో నీకు తెలుసు, నెమ్మదిగా కొట్టిన బంతి జేబు దాకా వచ్చి అలిసిపోతుంది. పెద్ద టోర్నీల్లో బల్ల కింద వేడి పెట్టి ఉంచుతారు, గుడ్డ పొడిగా ఉండాలని, అందుకే అక్కడ బంతి నూనె రాసినట్టు పోతుంది. ఇంత తెలిసినవాడివి, చేత్తో ఆడినవాడివి, ఝావో 12 అడుగుల బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి ఎర్రబంతి పాట్ చేస్తే అది ఎందుకు కష్టమో నీ మాటల్లో చెప్పొచ్చుగా, కామెంటరీలో విన్న విశేషణాలు ఎందుకు? మార్కర్‌కి చదివి వినిపించు. అతనికి ఆటలో నీకంటే, నాకంటే ఎక్కువ తెలుసు, ఎక్కడ బోరు కొడితే అక్కడ చాక్ డబ్బా సర్దడం మొదలెడతాడు.

ఝావోని మార్చకు. నాకు నచ్చాలని విల్సన్‌కి తిప్పావంటే ఆ వ్యాసం నేను చదవను.

ఆదివారం సాయంత్రం ఐదింటికి పార్లర్‌కి రా, తిరగరాసింది కాగితం మీద తీసుకురా, ఫోన్లో వద్దు. మూడు ఫ్రేములు ఆడదాం. మామూలుగా ఓడినవాడు బల్ల డబ్బులు కట్టాలి కదా, ఈసారి రూలు మార్చా. విల్సన్, ట్రంప్ ఫైనల్స్ మూడూ వ్యాసంలో ఉంటే నేను కడతాను, లేకపోతే గెలిచినా నువ్వే. మురీ మిక్చర్ మాత్రం ఎలాగూ నీ మీదే.

మీ అన్న