పిల్లల మలేరియాలో సైటోకైన్ల పరీక్ష జబ్బు తీవ్రతను చెప్పగలదా?

ఏటూరునాగారం వైపు ఉండే మీ అక్కగారి ఆరేళ్ల బాబుకు ఫాల్సిపారం (ప్రమాదకరమైన రకం) మలేరియా అని తేలిందని, పరిశోధన కోసం కొంత రక్తం అడుగుతున్నారని, అందులో కొలిచే సైటోకైన్లను (తెల్ల రక్తకణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్లను) బట్టి జబ్బు ముదురుతుందో లేదో ముందే తెలుస్తుందా అని మీరు అడిగారు. వరంగల్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా ములుగు అడవి పల్లెల పిల్లల సీరంలో (రక్తం గడ్డకట్టాక వేరయ్యే ద్రవంలో) ఈ ప్రోటీన్లను కొలిచిన అనుభవంతో చెబుతున్నాను: పిల్లలందరినీ కలిపి చూసినప్పుడు అవి చాలా విషయాలు తెలియజేస్తాయి గానీ, ఒక్క బిడ్డ వైద్యాన్ని నిర్ణయించడానికి ఇంకా చాలవు.

మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాలను పగలగొట్టుకుని బయటపడినప్పుడు తెల్ల రక్తకణాలు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేత ప్రోటీన్లను విడుదల చేస్తాయి. చలి, వణుకు, జ్వరం చాలావరకు వాటి వల్లనే వస్తాయి. ఆ ఉద్ధృతి హద్దు దాటకుండా ఇంటర్‌ల్యూకిన్-10 అదుపు చేస్తుంది. మెదడుకు సోకిన మలేరియాతో ఉన్న గాంబియా పిల్లల్లో టీఎన్‌ఎఫ్ ఎక్కువగా ఉందని, చనిపోయినవారిలో మరీ ఎక్కువగా ఉందని 1990లో వెల్లడైంది. తర్వాత ఘనా, కెన్యాలలో జరిగిన అధ్యయనాలు, తీవ్రమైన రక్తహీనత వచ్చిన పిల్లల్లో టీఎన్‌ఎఫ్‌తో పోలిస్తే ఇంటర్‌ల్యూకిన్-10 తక్కువగా ఉందని చూపాయి. అందుకే ఏదో ఒక్క ప్రోటీన్ అంకె కంటే ఈ రెండింటి నిష్పత్తి నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

అయితే గాంబియాలోనే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీని పిల్లలకు ఇచ్చి చూసినప్పుడు జ్వరం తగ్గింది గానీ మరణాలు తగ్గలేదు. తీవ్రతతో పాటు పెరిగే ప్రతిదీ ఆ తీవ్రతకు కారణం కానక్కరలేదని ఆ ఫలితం గట్టిగా గుర్తు చేస్తుంది.

ఇక ల్యాబ్‌లో ఎదురయ్యే ఇబ్బందులు వేరు. వానాకాలంలో మా దగ్గరికి వచ్చే డెంగీ, టైఫాయిడ్ పిల్లల్లో కూడా ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-10 పెరుగుతాయి కనుక ఆ అంకె చూసి ఇది మలేరియాయే అని చెప్పలేము. రక్తం తీసిన తర్వాత సీరం వేరు చేయడం ఆలస్యమైనా, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన శాంపిల్‌ను పదేపదే కరిగించినా విలువలు మారిపోతాయి. పైగా ఈ ప్రోటీన్లను కొలిచే ఎలైసా పరీక్ష ప్లేటులో 96 గుంటలుంటాయి. వాటికి సరిపడా శాంపిళ్లు చేరేదాకా ఆగి ఒకేసారి పరీక్ష చేస్తాము కాబట్టి, ఫలితం వచ్చేసరికి బిడ్డ కోలుకుని ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు.

ఈ రోజు బాబు విషయంలో డాక్టర్‌కు దారి చూపేవి స్లయిడ్‌లో కనిపించే క్రిముల సంఖ్య, హిమోగ్లోబిన్, రక్తంలో చక్కెర. ఫిట్స్ వచ్చినా, పిలిస్తే సరిగా పలకకపోయినా, ఏది తాగించినా కక్కుతున్నా, ఊపిరి బరువుగా తీస్తున్నా, మూత్రం నల్లగా వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లమని అక్కగారికి చెప్పండి.

పరిశోధనకు రక్తం ఇవ్వడానికి నేను అనుకూలమే, ఎందుకంటే మన ప్రాంతపు పిల్లల విలువలు లేకుండా ఆఫ్రికా అంకెలను ఇక్కడ నేరుగా వాడలేము. మందు మొదలుపెట్టకముందు తీసిన శాంపిలే ఎక్కువ పనికొస్తుంది. కానీ దాని కోసం మందును గంటసేపు కూడా ఆపనివ్వకండి.